గన్‌మన్ ఉన్నాడు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె లేదు

ఎమ్మెల్యే క్యాంపు కార్యాలయంలో పొద్దున్నే మొదలయ్యే పనిలో సగం ఆసుపత్రుల చుట్టూనే తిరుగుతుంది. నిమ్స్‌లో ఆపరేషన్‌కు ఎల్‌ఓసీ కావాలని ఒకరు వస్తారు. ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం బిల్లుల జిరాక్సులు పట్టుకుని ఇంకొకరు, ఆరోగ్యశ్రీలో ఈ జబ్బు లేదన్నారంటూ మరొకరు వస్తారు. ఆ కాగితాలన్నీ సర్ది, సంతకం పెట్టించి, హైదరాబాదుకో అమరావతికో పంపేది కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు. అతనికి మాత్రం చాలాచోట్ల ఈఎస్‌ఐ కార్డుగానీ నియామక పత్రంగానీ ఉండవు. ఊళ్లో అందరి వైద్యం ఖర్చూ నడిపించే ఆ కార్యాలయానికి అతని వైద్యం ఖర్చు ఎవరిదో తెలియదు.

అదే గదిలో ఇంకా కొందరుంటారు. ప్రభుత్వం కేటాయించిన పీఏ సర్కారు ఉద్యోగి కాబట్టి అతనికి హెల్త్ కార్డు ఉంది. గన్‌మన్ పోలీసు శాఖ మనిషి, అతని మంచిచెడ్డలు ఆ శాఖ చూసుకుంటుంది. డ్రైవర్‌కు జీతం ఎమ్మెల్యే సొంత జేబులోంచి వస్తుంది. సోషల్ మీడియా చూసే పిల్లలు ఏదో ఏజెన్సీ మనుషులు. కుర్చీలు వేసి, టీలు అందించి, జనాన్ని వరసలో నిలబెట్టే కార్యకర్తకు అసలు జీతమే లేదు. పైకప్పు పెచ్చు ఊడి ఈ ఐదుగురి మీదా పడితే ఐదుగురూ ఐదు దారులు పట్టాలి. అందులో రెండు దారులే ఎక్కడికైనా చేరతాయి.

రాజకీయ కార్యాలయాల్లో పనిచేసేవారి ఆరోగ్యం, భద్రత, ప్రథమ చికిత్స గురించి ఏ దేశంలో చర్చ జరిగినా చివరికి యజమాని ఎవరన్న ప్రశ్న దగ్గరికే వస్తుంది. పని భద్రత చట్టాలన్నీ యజమాని అనేవాడు ఒకడున్నాడన్న నమ్మకం మీదే రాసినవి. ఫ్యాక్టరీకి యజమాని ఉంటాడు, బ్యాంకుకూ ఉంటాడు. నాయకుడి దగ్గర పనిచేసేవాడికి యజమాని నాయకుడా, పార్టీయా, చట్టసభా, ప్రభుత్వమా? ఈ ప్రశ్నకు మూడు దేశాలు మూడు రకాల జవాబులు చెప్పుకున్నాయి. అన్నీ దెబ్బ తగిలాక చెప్పుకున్నవే.

బ్రిటన్ జవాబు సూటిగానే ఉంటుంది: ఎంపీయే యజమాని. జీతాలు వేసేది 2009 నాటి ఎంపీల ఖర్చుల కుంభకోణం తర్వాత పుట్టిన ఇప్సా అనే స్వతంత్ర సంస్థ. కానీ ఉద్యోగంలోకి తీసుకునేదీ, తీసేసేదీ, 1974 నాటి ఆరోగ్య భద్రత చట్టం కింద బాధ్యత వహించేదీ ఎంపీయే. అంటే 650 మంది ఎంపీలు, 650 చిన్న దుకాణాలు. ఒక్కో దుకాణంలో నలుగురో ఐదుగురో పనివాళ్లు. అక్కడి నిబంధనల ప్రకారం, ప్రమాదాలను అంచనా వేసి కాగితం మీద రాసి పెట్టాల్సిన బాధ్యత ఐదుగురు ఉద్యోగులు ఉన్నచోటే వస్తుంది. నలుగురుంటే అంచనా వేస్తే చాలు, రాయనక్కర్లేదు. 1981 నాటి ప్రథమ చికిత్స నిబంధనలు ఇలాంటి చిన్న కార్యాలయాన్ని అడిగేవి కూడా తక్కువే. సరిపడా సామాను ఉన్న పెట్టె, దాన్ని చూసుకుంటూ అవసరమైతే అంబులెన్స్ పిలిచే బాధ్యత అప్పగించిన ఒక మనిషి, ఆ ఏర్పాటు సంగతి మిగతావాళ్లకు తెలిసి ఉండటం. పాతికమందికి లోపు పనిచేసే, పెద్దగా ప్రమాదం లేని ఆఫీసుకు అంతే చాలన్నది వాళ్ల లెక్క.

ఎంపీ ఆఫీసు నిజంగా ప్రమాదం లేని ఆఫీసేనా అన్నదే అసలు సందేహం. 2000 జనవరి 28న చెల్టెన్‌హామ్‌లో లిబరల్ డెమొక్రాట్ ఎంపీ నైజెల్ జోన్స్ జనాన్ని కలుస్తుండగా ఒకడు సమురాయ్ కత్తితో మీద పడ్డాడు. బయటివాడు కాదు. ఎంపీ దగ్గరికి ఏళ్ల తరబడి సమస్యలు చెప్పుకోవడానికి వచ్చినవాడే. సహాయకుడు ఆండ్రూ పెన్నింగ్టన్ అడ్డం వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎంపీ గాయాలతో బతికాడు. పెన్నింగ్టన్‌కు మరణానంతరం జార్జ్ మెడల్ ఇచ్చారు. 2010లో ఎంపీ స్టీఫెన్ టిమ్స్‌ను లైబ్రరీలో పొడిచినప్పుడు దాడి చేసిన అమ్మాయిని పట్టుకున్నవాళ్లలో ఆయన సహాయకుడు ఒకడు. 2016 జూన్‌లో ఎంపీ జో కాక్స్, 2021 అక్టోబరులో మరో ఎంపీ డేవిడ్ అమెస్ హత్యలప్పుడూ పక్కన సిబ్బంది ఉన్నారు. వాళ్లు ప్రాణాలతో మిగిలారు. మర్నాటి నుంచి వచ్చిన ఫోన్లు ఎత్తాల్సిందీ, కిటికీ ముందు నిలబడ్డవాళ్లతో మాట్లాడాల్సిందీ అలాంటి సిబ్బందే.

ఈ ఘటనల్లో ఎక్కువ భాగం ఆఫీసులో జరిగినవి కావు. లైబ్రరీలో, లైబ్రరీ బయట రోడ్డు మీద, చర్చి హాల్లో జరిగాయి. పని ఎక్కడికి వెళ్తే యజమాని బాధ్యత కూడా అక్కడికి వెళ్లాలి. జో కాక్స్ హత్య తర్వాత బ్రిటన్ గట్టి తలుపులు, కెమెరాలు, అలారం మీటలు, ఒంటరిగా పనిచేసేవాళ్లు మెళ్లో వేసుకునే పరికరాలు ఇచ్చింది. అవసరమే. కానీ తలుపు ఎంత గట్టిదైనా ఫోన్‌లో వచ్చే తిట్లను ఆపదు. ఇల్లు పోయినవాడి ఏడుపు రోజంతా వినే మనిషికి రాత్రి నిద్ర పట్టకపోవడాన్నీ ఆపదు. పార్లమెంటు 2022లో ఎంపీల సిబ్బంది ఉద్యోగ పరిస్థితుల మీద స్పీకర్ అధ్యక్షతన ప్రత్యేక విచారణే పెట్టుకోవాల్సి వచ్చిందంటే, ఎంపీ ఒక్కడే యజమాని అన్న జవాబు చాల్లేదనే కదా.

అమెరికా కథ వేరు. దేశమంతటికీ పని భద్రత చట్టాలు చేసిన కాంగ్రెస్, వాటి నుంచి తనను తాను దశాబ్దాలపాటు మినహాయించుకుంది. 1995 జనవరిలో వచ్చిన కాంగ్రెషనల్ అకౌంటబిలిటీ చట్టంతో ఆ ముచ్చట ముగిసింది. అప్పటి నుంచి ఒక్కో కాంగ్రెస్ కాలంలో కనీసం ఒకసారి తనిఖీ జరగాలి. తనిఖీల్లో వైర్లు, మెట్లు, మంటలార్పే ఏర్పాట్ల వంటి లోపాలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. క్యాపిటల్ భవనాల కింద ఆవిరి గొట్టాల సొరంగాల్లో పనిచేసేవాళ్లు ఆస్‌బెస్టాస్ ధూళి పీలుస్తున్న సంగతి 2006లో పెద్ద గొడవైంది. జరిమానా వేసే అధికారం మాత్రం తనిఖీదారుకు లేదు. తన జేబులోంచి తానే జరిమానా కట్టుకోవడం ఏ చట్టసభకూ నచ్చదు మరి.

ఆ చట్టం వచ్చిన ఆరేళ్లకే అసలు పరీక్ష ఎదురైంది. 2001 అక్టోబరు 15న సెనేటర్ టామ్ డాష్లే కార్యాలయంలో ఒక ఇంటర్న్ ఉత్తరం చించితే తెల్లటి పొడి రాలింది. ఆంత్రాక్స్. ఆ కార్యాలయం ఉన్న హార్ట్ భవనంలోని సిబ్బందికి ముక్కులోంచి నమూనాలు తీసి, వెంటనే సిప్రోఫ్లాక్సాసిన్ మొదలుపెట్టారు. వాళ్లలో ఒక్కరు కూడా చనిపోలేదు. భవనాన్ని మూసి, క్లోరిన్ డయాక్సైడ్ వాయువుతో శుభ్రం చేసి, 2002 జనవరిలో గానీ తెరవలేదు. అదే ఉత్తరం అంతకుముందు వాషింగ్టన్‌లోని బ్రెంట్‌వుడ్ తపాలా కేంద్రం మీదుగా వచ్చింది. ఆ కేంద్రం మాత్రం అక్టోబరు 21 దాకా నడుస్తూనే ఉంది. అక్కడి ఇద్దరు ఉద్యోగులు చనిపోయారు. సీలు వేసిన కవర్లోంచి పొడి బయటికి రాదని అప్పట్లో నిపుణులు అనుకున్నారన్నది నిజమే. అయినా, ఒకే ఉత్తరం తగిలిన రెండు చోట్లలో మందు ఎక్కడికి ముందు చేరిందో ఎవరూ మరిచిపోలేదు. రాజకీయ కార్యాలయ భద్రత గురించి రాసేటప్పుడు ఈ ఒక్క ఉదాహరణ వదిలేస్తే వ్యాసం అబద్ధమైపోతుంది. ఎందుకంటే నాయకుడి చుట్టూ గీసే వలయం ఎక్కడ ఆగుతుందో ఇది చూపిస్తుంది.

ప్రథమ చికిత్సకు సంబంధించి అమెరికా నుంచి నేర్చుకోవాల్సింది ట్యూసాన్‌లో ఉంది. 2011 జనవరి 8న ఒక సూపర్ మార్కెట్ ముందు ప్రతినిధుల సభ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ జనాన్ని కలుస్తుండగా దుండగుడు కాల్పులు జరిపాడు. ఆరుగురు చనిపోయారు. ఆ కార్యక్రమం ఏర్పాటు చేసిన ఆమె ఉద్యోగి గేబ్ జిమర్‌మన్ వారిలో ఒకడు. ఆమె తలకు తూటా తగిలింది. పక్కనే ఉన్న డేనియల్ హెర్నాండెజ్ వయసు ఇరవై, ఇంటర్న్‌గా చేరి ఇంకా వారం కూడా కాలేదు. అతనికి అంతకుముందు నర్సింగ్ సహాయకుడిగా కొంత శిక్షణ ఉంది. ఆమెను తన ఒడిలోకి ఎత్తి కూర్చోబెట్టి, రక్తం గొంతులోకి పోయి ఊపిరి ఆగిపోకుండా చూశాడు. గాయం మీద చేత్తో ఒత్తి పట్టాడు. తర్వాత మార్కెట్ నుంచి తెచ్చిన గుడ్డలతో ఒత్తాడు. అంబులెన్స్ వచ్చేదాకా వదల్లేదు. ఆమె బతికింది. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లలో ఈ మాత్రం తెలిసిన కుర్రాడు ఉండటం అదృష్టం తప్ప ఏర్పాటు కాదు. ఫస్ట్ ఎయిడ్ అంటే ఆ అదృష్టాన్ని ఏర్పాటుగా మార్చడం.

2023 మే నెలలో వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్‌లో ప్రతినిధుల సభ సభ్యుడు జెరీ కొనోలీ కార్యాలయానికి ఒకడు బేస్‌బాల్ బ్యాటుతో వచ్చాడు. ఆయన ఊళ్లో వేరే కార్యక్రమంలో ఉన్నారు. దెబ్బలు తిన్నది ఇద్దరు సిబ్బంది. అందులో ఒకరు ఆ రోజే చేరిన ఇంటర్న్.

ఆస్ట్రేలియాలో ప్రమాదం బయటినుంచి కాక లోపలినుంచి వచ్చింది. అక్కడ 1984 నాటి చట్టం కింద ఎంపీల సిబ్బందిని కామన్వెల్త్ నియమిస్తుంది. 2011 నాటి పని ఆరోగ్య భద్రత చట్టం వారికి వర్తిస్తుంది. నియోజకవర్గ కార్యాలయంలో ప్రథమ చికిత్స చూసుకునేవారు, అగ్నిప్రమాదం వస్తే అందరినీ బయటికి నడిపించేవారు ఫలానా అని పేర్లుంటాయి. ఆ బాధ్యత తీసుకున్నందుకు వేతన ఒప్పందంలో అలవెన్సు కూడా ఉంది. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు దొరకదు. కానీ 2021 ఫిబ్రవరిలో ఒక మాజీ ఉద్యోగిని పార్లమెంటు భవనంలోనే, మంత్రి కార్యాలయంలో తనపై అత్యాచారం జరిగిందని బయటపెట్టింది. ఆ ఏడాది నవంబరులో లైంగిక వివక్ష కమిషనర్ కేట్ జెంకిన్స్ ఇచ్చిన నివేదిక ప్రకారం పార్లమెంటు పనిచోట్లలో ఉన్నవారిలో 51 శాతం మంది వేధింపులో, లైంగిక వేధింపులో, లైంగిక దాడో ఏదో ఒకటి కనీసం ఒక్కసారి అనుభవించారు. కార్పెట్ అంచు తగిలి జారిపడితే నింపడానికి ఫారం ఉన్న చోట, దీనికి వెళ్లి చెప్పుకునే మనిషి లేకపోయాడు. 28 సిఫార్సులు వచ్చాయి. 2023 అక్టోబరులో సిబ్బంది కోసం పార్లమెంటరీ వర్క్‌ప్లేస్ సపోర్ట్ సర్వీస్, మరుసటి ఏడాది అక్టోబరులో ఫిర్యాదులు విచారించే స్వతంత్ర కమిషన్ మొదలయ్యాయి.

పని గంటల మాట కూడా అక్కడే కోర్టు మెట్లెక్కింది. 2023లో స్వతంత్ర ఎంపీ మోనిక్ ర్యాన్ మీద ఆమె చీఫ్ ఆఫ్ స్టాఫ్ శాలీ రగ్ వేసిన కేసు, రాజకీయ ఉద్యోగంలో ‘సమంజసమైన అదనపు గంటలు’ అంటే ఎన్ని అన్నదాని మీదే. తీర్పు రాలేదు, రాజీతో ముగిసింది. తీర్పు వచ్చి ఉంటే బాగుండేదని నా ఉద్దేశం. ఎందుకంటే నాయకుడు నిద్రపోనంతసేపూ సిబ్బంది నిద్రపోకూడదన్న సంప్రదాయం ఆస్ట్రేలియాదొక్కదానిదే కాదు. మన దగ్గర రాత్రి పదకొండింటికి పెళ్లి రిసెప్షన్, తెల్లవారి ఐదింటికి మార్నింగ్ వాక్ మధ్య డ్రైవర్ ఎప్పుడు పడుకున్నాడని అడిగేవాడు లేడు.

డ్రైవర్ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి, తెలుగు నేల మీద రాజకీయ సిబ్బందికి అసలు మృత్యువు ప్రయాణమే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి లోక్‌సభ స్పీకర్ బాలయోగి పోయినప్పుడు ఆయన భద్రతాధికారి, పైలట్ కూడా పోయారు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో వై.ఎస్. రాజశేఖరరెడ్డితోపాటు ముఖ్య కార్యదర్శి, ప్రధాన భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు పోయారు. 2024 ఫిబ్రవరిలో పటాన్‌చెరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు మీద ఎమ్మెల్యే లాస్య నందిత చనిపోయిన ప్రమాదంలో కారు నడుపుతున్న పీఏ గాయపడ్డాడు. పీఏ స్టీరింగ్ పట్టుకోవడం మన దగ్గర మామూలే. అతని ఉద్యోగంలో ఏది పని, ఏది కాదు అని ఎవరూ గీత గీయలేదు.

హత్యల చరిత్రా చిన్నది కాదు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మావోయిస్టుల కాల్పుల్లో మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డితోపాటు పోయినవారిలో గన్‌మన్, డ్రైవర్ ఉన్నారు. రాజకీయ కార్యాలయం కాకపోయినా అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు కార్యాలయం ఇక్కడ గుర్తుకు రావాల్సిందే. 2019 నవంబరు 4న అర్జీదారు పెట్రోలు పోసి నిప్పంటించినప్పుడు తహసీల్దారును కాపాడబోయిన ఆమె డ్రైవర్ కూడా కాలిన గాయాలతో మర్నాడు చనిపోయాడు. చెల్టెన్‌హామ్‌లో పెన్నింగ్టన్ చేసింది ఇక్కడ అతను చేశాడు. ఆ వారంలోనే కర్నూలు జిల్లా పత్తికొండలో తహసీల్దారు తన బల్లకూ అర్జీదారులకూ మధ్య తాడు కట్టించుకున్నారు. జనం నవ్వుకున్నారు గానీ, ప్రమాదాన్ని అంచనా వేసి ఉన్నదానితో ఏదో ఒకటి చేసిన ఆఫీసు అదొక్కటే నాకు కనపడింది.

ఇక కార్యకర్తల లెక్క వేరే పుస్తకం. 2020 సెప్టెంబరులో కుప్పం నియోజకవర్గం శాంతిపురంలో పవన్ కల్యాణ్ పుట్టినరోజు ఫ్లెక్సీ కడుతూ కరెంటు తగిలి ముగ్గురు, 2022 డిసెంబరులో కందుకూరు తెలుగుదేశం సభ తొక్కిసలాటలో ఎనిమిది మంది చనిపోయారు. 2023 ఏప్రిల్‌లో ఖమ్మం జిల్లా చీమలపాడు బీఆర్ఎస్ సమ్మేళనంలో బాణసంచా నిప్పు గుడిసె మీద పడి, సిలిండర్ పేలి మనుషులు పోయారు. పార్టీలు సభ్యత్వంతో ప్రమాద బీమా ఇస్తున్నాయి, మంచిదే. అది పోయాక ఇచ్చే డబ్బు. ఫ్లెక్సీ కట్టే ముందు పైన తీగ ఉందో లేదో చూసే మనిషిని పెట్టడం దానికంటే చవక.

మరి ఒక క్యాంపు కార్యాలయంలో ప్రథమ చికిత్స ఎలా ఉండాలి? నేను చూసిన ఒకచోట పెట్టె ఉంది, దానికి తాళం ఉంది, తాళంచెవి టూర్‌లో ఉన్న పీఏ జేబులో ఉంది. పెట్టె గోడకు వేలాడాలి, తాళం ఉండకూడదు, అందులో మాత్రలకంటే గాజుగుడ్డ, రోలర్ బ్యాండేజీలు, గ్లోవ్స్, కత్తెర ముఖ్యం. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా ఒత్తి పట్టడమే వైద్యం. మధ్యమధ్యలో ఎత్తి చూడకూడదు. కత్తి దిగబడి ఉంటే పీకకూడదు. కాలితే ఇరవై నిమిషాలు పారే నీళ్ల కింద పెట్టాలి. టూత్‌పేస్టు, ఇంకు పూయకూడదు. ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం మానేసి, తలకింద మెత్తటిది పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు.

మన ఎన్నికల కాలెండర్‌కు తగ్గ జబ్బు వడదెబ్బ. 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న పోలింగ్ జరిగింది. అంతకుముందు నెలన్నర ఓపెన్ టాప్ జీపు వెనక పరుగెత్తింది ఈ సిబ్బందే. మనిషి ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది అలసట కాదు. నీడలోకి తెచ్చి, ఒళ్లంతా తడిపి, గాలి తగిలేలా చేసి, మెడ దగ్గర, చంకల్లో ఐసు పెట్టి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. గుండె ఆగి కూలిపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు ఒత్తుతూ ఉండాలి. ప్రతి క్యాంపు కార్యాలయంలో ఇద్దరికైనా ఇది చేతికి వచ్చి ఉండాలి. గన్‌మన్‌కు రావాలి, పీఏకూ రావాలి. ఒకరు ఊళ్లో లేనప్పుడు ఇంకొకరు ఉండాలి కదా.

ఫోన్ ఎత్తే అమ్మాయి సంగతి ఏ పెట్టెలోనూ పట్టదు. పింఛను ఆగిపోయిందని, భూమి ఆన్‌లైన్‌లో ఎక్కలేదని, ‘సారుకు చెప్పండి, ఇవాళ కాకపోతే మందు తాగుతా’ అని అవతల మనిషి అంటే ఆమె ఏం చెయ్యాలి? చాలామంది ‘సార్ మీటింగ్‌లో ఉన్నారు’ అని పెట్టేస్తారు. మనసు రాక కాదు, ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు కాబట్టి. ఫోన్ పెట్టేయకుండా ఊరూ పేరూ అడుగుతూ మాట్లాడటం, పక్కవాడి చేత స్థానిక పోలీసుకు చెప్పించడం, 14416 టెలీ మానస్ నంబరు ఇవ్వడం ఒక పూటలో నేర్పగల పని. ఆ ఫోన్ తర్వాత ఆమె కాసేపు లేచి బయటికి వెళ్లి రావడం కూడా పనిలో భాగమేనని ఎవరైనా చెప్పాలి.

చట్టం దగ్గరికి వస్తే మన చేతిలో ఉన్నది తక్కువ. 2020 నాటి వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అది మామూలుగా పదిమంది, ఆపైన పనివాళ్లున్న సంస్థలకు. కాంట్రాక్టరు ద్వారా వచ్చేవాళ్లను మినహాయిస్తే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల కార్యాలయాలు దాని పరిధిలో లేవు. తెలంగాణలో చాలా నియోజకవర్గాల్లో ప్రభుత్వమే కట్టించిన క్యాంపు కార్యాలయంలో ఎమ్మెల్యే సొంతంగా పెట్టుకున్న ఆరుగురు ఈ రెండింటి సందులో పడిపోతారు. లైంగిక వేధింపుల మీద 2013 నాటి చట్టం ఇంకాస్త నయం. దానికి కార్యాలయం గోడలే హద్దు కాదు. పనికోసం వెళ్లే చోటూ, యజమాని ఇచ్చే వాహనమూ దాని కిందికే వస్తాయి. అయితే పార్టీకీ సభ్యులకూ మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు కాబట్టి పార్టీలు అంతర్గత కమిటీలు వేయనక్కర్లేదని 2022 మార్చిలో కేరళ హైకోర్టు అంది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. కార్యకర్తకు ఆ తలుపు మూసుకుంది. జీతానికి పనిచేసే ఉద్యోగినికి మూసుకోలేదు. పదిమంది లేని చోట ఆమె జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఆ కమిటీ ఉందని తెలిసినవాళ్లు ఏ క్యాంపు కార్యాలయంలోనూ నాకు తగల్లేదు.

అమెరికా కాంగ్రెస్ 1995లో చేసిన పని మన శాసనసభలు చెయ్యకూడదని ఎక్కడా లేదు. చట్టందాకా వెళ్లకముందే అసెంబ్లీ సచివాలయం ఒక సర్క్యులర్ ఇవ్వగలదు. క్యాంపు కార్యాలయంలో జీతానికి పనిచేసే ప్రతి ఒక్కరి పేరూ ఒక రిజిస్టరులో రాయాలి, దాని పక్కన జీతం ఇచ్చేవారి పేరు రాయాలి. మొదటి గడి పూటలో నిండుతుంది. పేచీ రెండో గడి దగ్గర వస్తుంది. ఎమ్మెల్యే తన పేరు రాయడానికి ఒప్పుకోడు, పార్టీ తనది కాదంటుంది, ప్రభుత్వం భవనం మాత్రమే నాదంటుంది. ఆ గడి నిండనంతవరకూ డ్రైవర్ కాలు విరిగినప్పుడు బీమా కంపెనీకి గానీ లేబర్ ఆఫీసరుకు గానీ ఎవరి మీద దరఖాస్తు పెట్టాలో అతని భార్యకు తెలియదు.